కార్ల సొట్టలు లాగే గ్లూ కిట్ విమానం రేకు మీద పనిచేస్తుందా? వాడి చూశాక నా రివ్యూ

ముందే తేల్చేస్తాను. పనిచేస్తుంది. కాకపోతే పెట్టె మీద బొమ్మలో చూపించినంత సులువుగా కాదు, విమానంలో అన్ని చోట్లా కాదు. నేను కొన్నది కారు డోర్లకూ బానెట్లకూ పడ్డ సొట్టల్ని పెయింటు చెడకుండా లాగడానికి అమ్మే మామూలు గ్లూ పుల్లర్ కిట్. బ్రాండు పేరు రాయడం లేదు. ఇలాంటివి రకరకాల పేర్లతో దొరుకుతాయి, లోపల సరుకు మాత్రం ఇంచుమించు ఒకటే. వాడింది ఇంట్లో కట్టుకుంటున్న రెండు సీట్ల అల్యూమినియం విమానం మీద.

పెట్టెలో ఏమున్నాయంటే: గ్లూ గన్, గ్లూ కడ్డీలు, బటన్ అంత మొదలుకొని అరచేతి సగం వరకు రకరకాల సైజుల ప్లాస్టిక్ ట్యాబులు, రెండు కాళ్ల మీద నిలబడి మర తిప్పుతుంటే ట్యాబును పైకి లాగే లిఫ్టర్, కడ్డీ మీద జారే బరువుతో కుదిపి లాగే స్లైడ్ హ్యామర్, నైలాన్ మొనలున్న తట్టుడు కడ్డీ, చిన్న రబ్బరు సుత్తి, ఆల్కహాల్ పోసుకునే స్ప్రే సీసా, ప్లాస్టిక్ గీకుడు బిళ్ల, చారల లైటు బోర్డు. వీటితో పాటు ఉచితం అంటూ అయస్కాంతం బిగించిన పుల్లర్ ఒకటి పడేశారు. అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు కాబట్టి దాన్ని ఫ్రిజ్ తలుపుకు తగిలించాను.

అసలు సుత్తీ, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) ఉండగా ఈ గ్లూ గొడవ ఎందుకని టింకరింగ్ తెలిసినవాళ్లు అడుగుతారు. సుత్తితో సరిచేయాలంటే రేకుకు రెండు వైపులా చెయ్యి ఆడాలి. వెనక నుంచి డాలీ ఆనించి ముందు నుంచి తట్టాలి. రెక్క రెండో వైపు రేకు కూడా రివెట్ చేసి మూసేశాక లోపలికి చెయ్యి పోయే దారి తనిఖీ కంతలు మాత్రమే, అవి కూడా సొట్ట పడ్డ చోట ఉండవు. ఒకవేళ చెయ్యి పోయినా, డాలీ మీద పెట్టి కొట్టిన ప్రతి దెబ్బకూ పల్చటి రేకు కాస్త సాగుతుంది. సాగిన రేకు మళ్లీ తన సైజుకు రాదు. మధ్యలో ఉబ్బి, డబ్బా మూతలాగా వేలితో నొక్కితే టిక్కుమని లోపలికీ, వదిలితే టిక్కుమని బయటికీ వస్తుంది. దీన్నే ఆయిల్ క్యానింగ్ అంటారు. సొట్ట కన్నా ఇది పెద్ద తలనొప్పి. ఇంజిను నడుస్తున్నంతసేపూ ఆ ముక్క ఆడుతూనే ఉంటుంది, పోను పోను రివెట్ కంతల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. అప్పుడు లోపల ఒక సన్నని ఎల్ యాంగిల్ బిగించి రేకుకు దన్ను ఇవ్వాల్సిందే. గ్లూతో లాగితే ఆ సాగుడు తక్కువ. నేను డబ్బు పెట్టింది ఆ ఒక్క కారణానికే.

ఇక కారు రేకుకూ మన రేకుకూ తేడా. కిట్‌తో ఇచ్చిన వీడియోలో ఈ సంగతి ఒక్క ముక్క కూడా లేదు. ఇంట్లో కట్టుకునే లోహ విమానాల్లో ఎక్కువగా వాడేది, పైన స్వచ్ఛమైన అల్యూమినియం పొర ఉన్న గట్టి మిశ్రమ లోహపు రేకు, 2024-టీ3 ఆల్‌క్లాడ్. రెక్క పైరేకు చాలా డిజైన్లలో 0.025 అంగుళం, అంటే 0.64 మి.మీ. తోక దగ్గర కదిలే రడ్డర్, ఎలివేటర్ల మీద 0.016 అంగుళం వరకు దిగుతుంది, అంటే 0.41 మి.మీ. ఇంత పల్చగా ఉన్నా ఇది మెత్తటి రేకు కాదు. దీని యీల్డ్ బలం, అంటే రేకు శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి, సుమారు 310 ఎంపీఏ (మెగాపాస్కల్), మామూలు మెత్తటి ఉక్కు కన్నా ఎక్కువ. స్థితిస్థాపక గుణకం, అంటే వంగకుండా బిగుసుకుని ఉండే గుణం, మాత్రం ఉక్కులో మూడో వంతు. ఈ రెండూ కలిసేసరికి లాగినప్పుడు పైకొచ్చినట్టే వచ్చి, వదలగానే చాలా భాగం వెనక్కి పోతుంది. కారు వీడియోల్లో ఒక్క లాగుడుకే సొట్ట మాయమవుతుంది, మనకు అలా జరగదు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే స్లైడ్ హ్యామర్ అందుకుంటారు. వద్దు. ఎందుకో కింద చెప్తాను.

మొదటి పరీక్ష సీట్ల వెనక తోక వైపు వెళ్లే పైరేకు మీద. అరమీద నుంచి డ్రిల్ జారి పడింది. రేకును లోపల నుంచి పట్టి ఉంచే రెండు ఫ్రేముల మధ్య సరిగ్గా నడిమిట్లో, అయిదు సెంటీమీటర్ల వెడల్పున, అడుగు గుండ్రంగా ఉన్న లోతు తక్కువ సొట్ట. గ్లూ కిట్‌కు ఇంతకన్నా అనుకూలమైన సొట్ట ఉండదు.

రేకు మీద ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నీలం ప్లాస్టిక్ పొర అప్పటికీ ఉంది. దాన్ని ఒలిచాకే సొట్ట అసలు రూపం బయటపడింది. పొర ఉన్నంతసేపూ అది చిన్న గుంటలా కనిపించింది. తీశాక చూస్తే గుంట చుట్టూ సన్నగా లేచిన గట్టు ఉంది. ఆ గట్టే సొట్టను బిగించి పట్టుకుంటుంది. నడిమి భాగాన్ని ఎంత లాగినా, గట్టును కిందికి తట్టకపోతే అది పైకి రాదు, వచ్చినా నిలవదు. కాబట్టి పని ఒకటి కాదు, రెండు: నడుమ లాగాలి, అంచు తట్టాలి, అదీ ఒకే సమయంలో.

గ్లూ సంగతికొస్తే, మొదట్లో ట్యాబు ఏమాత్రం లాగకుండానే టప్పున ఊడొచ్చింది. అడుగున గ్లూ అద్దంలా నున్నగా ఉంది, అంటే రేకుకు అసలు పట్టుకోనే లేదు. అల్యూమినియం వేడిని చటుక్కున లాగేసుకుంటుంది కాబట్టి గ్లూ అంటుకునే లోపే పైపొర గడ్డకడుతోంది. హెయిర్ డ్రయ్యర్‌తో రేకును చేతికి గోరువెచ్చగా తగిలేంత వేడి చేసి, ఆల్కహాల్‌తో తుడిచి, వెంటనే అంటిస్తే పట్టింది. తర్వాత ట్యాబు కాస్త చల్లారేదాకా ముట్టుకోకూడదు. పూర్తిగా చల్లబడితే గ్లూ పెళుసెక్కి ఊడిపోతుంది, ఇంకా వేడిగా ఉంటే సాగిపోతుంది. ట్యాబు అంచున కారిన గ్లూను గోటితో నొక్కితే దిగబడకుండా కాస్త మాత్రమే అణగాలి, లాగాల్సింది అప్పుడు. ఈ ఒక్క ముక్క కిట్ కాగితంలో రాసి ఉంటే సగం కడ్డీలు మిగిలేవి.

గ్లూ గన్ వేడికి రేకు గుణం పోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లుంటారు. 2024ను ఓవెన్లో ఏజింగ్ చేసి (వేడిలో ఉంచి) టెంపర్, అంటే గట్టిదనపు స్థితి, మార్చాలంటే సుమారు 190 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. చెంచాడు గ్లూ క్షణాల్లో చల్లారిపోతుంది, దాంతో ఏమీ కాదు. బ్లో టార్చ్ వేరే కథ. టార్చ్ పట్టుకుని రేకును కుదిస్తామనే టింకరింగ్ మేస్త్రిని విమానం దరిదాపులకు కూడా రానివ్వొద్దు. అలాంటి వేడి తగిలితే బలమూ పోతుంది, తుప్పును తట్టుకునే గుణమూ పోతుంది, పైకి మాత్రం ఏమీ కనబడదు.

అన్నట్టు, వేడి చేసి వెంటనే ఐసు పెడితే సొట్ట దానంతటదే పైకొస్తుందని తిరిగే చిట్కా ఒకటుంది. లెక్క వేస్తే తేలిపోతుంది. అల్యూమినియం ఒక డిగ్రీకి మిలియన్‌లో 23 వంతులు వ్యాకోచిస్తుంది. అయిదు సెంటీమీటర్ల సొట్ట మీద 50 డిగ్రీల తేడా తెచ్చినా మారేది 0.06 మి.మీ. కూడా కాదు. ఇప్పుడో అప్పుడో ఊడిపడడానికి సిద్ధంగా ఉన్న మెత్తటి గుంటయితే ఎగిరి రావచ్చేమో గానీ, గట్టు కట్టిన సొట్టకు అది చాలదు.

లిఫ్టర్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. కిట్‌లో బాగా చేసిన పనిముట్టు ఇదే, ప్రమాదమూ దీంతోనే. మర తిప్పుతుంటే ట్యాబు మెల్లగా పైకి లేస్తుంది, ఎంత లాగుతున్నామో చేతికి తెలుస్తుంది. కానీ ట్యాబును ఎంత బలంతో పైకి లాగుతుందో, అంతే బలంతో దాని రెండు కాళ్లు రేకును కిందికి నొక్కుతాయి. కారు డోర్ మీద అది లెక్కలోకి రాదు. 0.64 మి.మీ. రేకు మీద ఆ కాళ్ల కింద రెండు కొత్త సొట్టలు పడతాయి. కాళ్లకున్న రబ్బరు బిళ్లలు గీతలు పడకుండా చూస్తాయే గానీ సొట్టను ఆపలేవు. నేను చేసిందేమిటంటే, ఒక ఫ్రేము మీద నుంచి ఇంకో ఫ్రేము దాకా అందేలా రెండు ప్లైవుడ్ పట్టీలు కోసి, రెండు చివర్ల కింద మాత్రమే ఫెల్ట్ అతికించి, సొట్టకు చెరో పక్కన వేసి వాటి మీద లిఫ్టర్ నిలబెట్టాను. అప్పుడు బరువంతా కింద ఫ్రేములున్న చోటికి, రివెట్ వరసల మీదికి పోతుంది. మధ్య రేకు మీద ఏమీ పడదు. పట్టీలు లేకుండా ఈ లిఫ్టర్‌ను పల్చటి రేకు మీద వాడితే కిట్‌ను తిట్టుకోవడం ఖాయం.

స్లైడ్ హ్యామర్‌ను ఎందుకు వద్దన్నానంటే, అది ఒక్క కుదుపులో లాగుతుంది. ఎంత వచ్చిందో చూసుకునే లోపే రేకు గీత దాటి పైకి ఉబికిపోతుంది. ఉబికిన దాన్ని కిందికి తట్టాలి, అలా తట్టిన చోట రేకు గట్టిపడుతుంది, గట్టిపడిన రేకు తర్వాతి దెబ్బకు సరిగా కదలదు. నా పెట్టెలో అది కవరు కూడా విప్పకుండా ఉంది.

చారల లైటు బోర్డు లేకపోతే ఈ కిట్‌కు నేను రెండు స్టార్లు కూడా ఇచ్చేదాన్ని కాదు. నిటారు చారల వెలుగును రేకు మీద పడేలా పెట్టి ప్రతిబింబం చూడాలి. బాగున్న చోట చారలు తిన్నగా పోతాయి, గుంట దగ్గరా గట్టు దగ్గరా అవి వంగిపోతాయి. కంటికి ఆనని, వేలికి తగలని తేడా కూడా చారల్లో దొరికిపోతుంది. పెయింటు లేని ఆల్‌క్లాడ్ మరీ అద్దంలా మెరవదు కాబట్టి చారలు మసకగా పడతాయి. సబ్బు నీళ్లు పల్చగా రాస్తే ఆ తడి ఆరేదాకా స్పష్టంగా కనిపిస్తాయి. గ్లూ అంటించే ముందు ఆ సబ్బును ఆల్కహాల్‌తో పూర్తిగా తుడవాలి, లేదంటే మళ్లీ టప్పు.

మా తమ్ముడు లైటు పట్టుకున్నాడు. నేను మర పావు చుట్టు తిప్పి, ఆ బిగువు మీదే ఉంచి, నైలాన్ మొనతో గట్టు చుట్టూ మెల్లగా తట్టుకుంటూ వచ్చాను. తట్టడం అంటే కొట్టడం కాదు, కడ్డీని దాని బరువుతో పడనివ్వడమే. గట్టు ఒక చోట దిగినప్పుడు నడుమ ట్యాబు తనంతట తానే వెంట్రుకవాసి పైకి కదిలింది, అది మరలో వదులుగా తెలిసింది. ఆల్కహాల్ చల్లి ట్యాబు ఊడదీసి, చారలు చూసి, ఇంకాస్త చిన్న ట్యాబు అంటించి మళ్లీ మొదలు. పోను పోను ట్యాబు సైజు తగ్గుతూ రావాలి. చివరికి వాడు, "అక్కా, గీత తిన్నగా వచ్చింది, ఇంక ముట్టుకోకు" అన్నాడు. పక్క నుంచి వంగి చూస్తే ఒక మూల చార ఇంకా కాస్త వంగే ఉంది. దాన్ని అలాగే వదిలేశాను. ఆ మిగిలిన దాని కోసం ఇంకా లాగితే రేకు సాగి టిక్కు టిక్కు మొదలవుతుంది. పెయింటు కింద పల్చగా పడే ప్రైమరే దాన్ని కప్పేస్తుంది.

రెండో సొట్ట రెక్క మీద, రిబ్‌ను (రెక్క లోపల ఆకారాన్ని పట్టి ఉంచే పక్కటెముక లాంటి ముక్కను) ఆనుకుని ఉంది. అక్కడ కిట్ చేతులెత్తేసింది, ఎత్తేయాల్సిందే. ఒక పక్క రేకును రివెట్లు పట్టుకుని ఉంటాయి, రెండో పక్క మాత్రమే కదులుతుంది. లాగితే సొట్ట రాదు, రివెట్ల పక్కన ముడత పడుతుంది. పైగా అలాంటి చోట పైకి కనిపించే సొట్ట కన్నా లోపల రిబ్ అంచు వంగిందా అన్నది ముఖ్యం. బోర్‌స్కోప్ (సన్నని గొట్టం చివర కెమెరా) దూర్చి చూస్తే నా రిబ్ బాగానే ఉంది, రివెట్ తలలు ఒరగలేదు, రేకుకూ రిబ్‌కూ మధ్య సందు లేదు. అందుకని సొట్ట లోతు కొలిచి, నిర్మాణ పుస్తకంలో రాసుకుని, ఫిల్లర్‌కు వదిలేశాను. రిబ్ వంగి ఉంటే మాత్రం రివెట్లు తీసి రేకు విప్పడమే మార్గం, దానికి ఏ కిట్టూ సాయం చేయదు.

రెక్క ముందంచు మీద కూడా దీన్ని వాడొద్దనే నా మాట. అక్కడ రేకు వంపు తిరిగి ఉంటుంది, ఆ వంపు వల్లే అది గట్టిగా ఉంటుంది, సొట్ట పడితే ముడుచుకున్నట్టు పడుతుంది. చాలా డిజైన్లలో ఇంధన ట్యాంకు కూడా రెక్క ముందంచులోనే ఉంటుంది. లాగుళ్లకు లోపలి సీలెంట్ వదిలితే సొట్ట పోయి లీకు మిగులుతుంది.

అడుగు పదునుగా మడత పడిన సొట్టలు మరో రకం. 2024-టీ3కి పదునైన మడతంటే పడదు. మడిచి మళ్లీ తిన్నగా చేస్తే సన్నని పగుళ్లు రావచ్చు, అవి మామూలు కంటికి కనపడవు. అలాంటి దాన్ని లాగే ముందూ, లాగిన తర్వాతా డై పెనెట్రెంట్‌తో చూడాలి: ఎర్ర రంగు రాసి, కాసేపు ఇంకనిచ్చి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లితే పగులున్న చోట ఎర్ర గీత పైకి వస్తుంది. గీత వచ్చిందంటే ఆ సొట్ట ఇక అందానికి సంబంధించిన విషయం కాదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 1998లో వెలువరించిన మార్గదర్శక పత్రం ఏసీ 43.13-1బీలో లోహ నిర్మాణం మరమ్మతుల అధ్యాయం ఉంది, కిట్ విమానమైతే డిజైనరు ఇచ్చిన మాన్యువల్ ఉంటుంది. గ్లూ గన్ పక్కన పెట్టి వాటిని తెరవాలి.

కిట్ వీడియోలో చివర ఒకాయన మిగిలిన ఎత్తులను ఎమ్రీ కాగితంతో రుద్ది చదును చేస్తాడు. దయచేసి అది మాత్రం చేయకండి. ఆల్‌క్లాడ్ మీద తుప్పును ఆపేది పైనున్న స్వచ్ఛమైన అల్యూమినియం పొర. ఇలాంటి పల్చటి రేకుల్లో అది ఒక్కో వైపు మందంలో 5 శాతం. 0.64 మి.మీ. రేకులో అంటే 0.03 మి.మీ. చిల్లర. నాలుగు రుద్దులకు అది లేచిపోతుంది. సొట్ట చుట్టూ గుర్తులు పెట్టుకోవడానికి పెన్సిల్ కూడా వాడొద్దు. గ్రాఫైట్ అల్యూమినియం మీద తుప్పు తెస్తుంది. మార్కర్ పెన్ను చాలు, ఆల్కహాల్‌తోనే పోతుంది.

రడ్డర్ మీద పడ్డ చిన్న సొట్టకు కిట్ పనికొచ్చింది, కానీ 0.41 మి.మీ. రేకు మీద చెయ్యి వణికింది. అతి చిన్న ట్యాబులే వాడాను, లిఫ్టర్ కాకుండా చేత్తోనే లాగాను. లాగడం కుదరని సొట్టలకు లప్పం పెట్టి నున్న చేద్దామనుకునేవాళ్లకు ఇక్కడొక హెచ్చరిక. రెక్కకు, ఫ్యూజ్‌లాజ్‌కు (విమానం మొండేనికి) అయితే ఎపాక్సీలో మైక్రోబెలూన్లు (బోలు పూసల పొడి) కలిపిన తేలికపాటి ఫిల్లర్ సరే. రడ్డర్, ఎలివేటర్, రెక్క వెనకంచున కదిలే ఎయిలరాన్ల మీద ఏది పెట్టినా హింజ్ వెనక బరువు పెరుగుతుంది, బ్యాలెన్స్ మారుతుంది, వేగం మీద ఫ్లట్టర్, అంటే ఆ ముక్క అదుపు తప్పి ఊగిపోవడం, వచ్చే ప్రమాదం ఉంటుంది. పెయింటు అయ్యాక బ్యాలెన్స్ మళ్లీ చూడాల్సిందే. కార్లకు వాడే పాలియెస్టర్ లప్పం బరువూ ఎక్కువే, అదురుకు పగిలి ఊడే గుణమూ ఎక్కువే. ఈ మూడింటి మీదకి దాన్ని రానివ్వకండి. ఇక్కడ సొట్ట ఉంటే ఉండనివ్వండి, లేదా కొత్త రేకు వేయండి.

పెయింటు అయిపోయిన విమానం మీద నేను దీన్ని వాడలేదు, కాబట్టి ఆ మాట గట్టిగా చెప్పలేను. గ్లూ పట్టు ఎలాంటిదో చూశాక ఒకటి మాత్రం చెప్పగలను: కింద ప్రైమర్ సరిగా పట్టకపోతే సొట్టకు బదులు పెయింటు బిళ్లగా లేచి చేతిలోకి వస్తుంది. కొత్త పెయింటయితే పూర్తిగా గట్టిపడేదాకా ఆగండి, ముందు కనబడని మూలలో ఒక ట్యాబు అంటించి ఊడదీసి చూడండి.

మొత్తానికి అయిదుకు మూడున్నర స్టార్లు. లైటు బోర్డుకూ లిఫ్టర్‌కూ ఎక్కువ భాగం, ట్యాబులకు మిగతాది. గ్లూ గన్ వైరు ఎంత పొట్టిదంటే రెక్క మధ్యకు చేరేసరికి ఎక్స్‌టెన్షన్ బోర్డు కూడా మనతో నడవాలి. లైటు బోర్డు బ్యాటరీ సరిగ్గా పని మధ్యలో దిగిపోతుంది. కిట్‌తో ఇచ్చిన గ్లూ కడ్డీలు సగటు రకం. వాతావరణాన్ని బట్టి చలికీ వేడికీ వేరుగా అమ్మే రంగు కడ్డీలు విడిగా కొనుక్కుంటే టప్పులు బాగా తగ్గాయి. విమానం ఇంకా రెండు వైపులా తెరిచే ఉన్నవాళ్లకు ఇదంతా అనవసరం, లోపల నుంచి మెత్తటి చెక్కతో నెట్టుకుంటే సరిపోతుంది, లైటు బోర్డు ఒక్కటి విడిగా తెప్పించుకోండి. మూసేసిన రెక్క మీద, రివెట్లకు దూరంగా, గుండ్రటి అడుగున్న సొట్ట ఉన్నవాళ్లు మాత్రం కిట్ మొత్తం కొనండి, కొన్న రోజే ప్లైవుడ్ పట్టీలు కూడా కోసుకోండి. మిగిలిపోయిన రేకు ముక్క మీద కావాలని ఒక సొట్ట పెట్టి, గ్లూ ఎప్పుడు పడుతుందో చేతికి తెలిసేదాకా దాని మీదే లాగి చూసుకోండి.